స్లాగు సిమెంటు కల్తీయా?

శనివారం పొద్దున్నే నాన్న ఫోను చేశారంటే అక్కడ ఏదో పని ఆగిందని అర్థం. ఆ రోజూ అంతే.

"ఏరా, లేచావా? మన కాంట్రాక్టరు స్లాగు సిమెంటు వద్దంటున్నాడు. ఉక్కు ఫ్యాక్టరీ చెత్త కలిపి అమ్ముతున్నారట. దాంతో స్లాబు వేస్తే పూచీ నాది కాదంటున్నాడు. బస్తాలు దిగిపోయాయి. వెనక్కి పంపెయ్యనా, ఉంచనా? నువ్వు అమెరికా వెళ్ళి చదివింది ఇదేగా!"

మాది విశాఖపట్నం, గాజువాక వైపు. పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో డాబా కడుతున్నారు అమ్మా నాన్నా. నేను ఇక్కడ ఎం.ఎస్. చేసింది సివిల్ ఇంజనీరింగులో, అందులోనూ కాంక్రీటు మీదే. ఆ తరువాత మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేరులో పడ్డాను. చదివిన చదువు ఇన్నేళ్ళకు మళ్ళీ అక్కరకొచ్చింది.

కాంట్రాక్టరు గారితో నేనే మాట్లాడాను. ఆయన చెప్పినవి మూడు మాటలు. ఒకటి, అది కొలిమి చెత్త. రెండు, దాని బలం 33, మామూలు సిమెంటు బలం 53. మూడు, అది తొందరగా గట్టిపడదు. ఈ మూడింటిలో మొదటిది తప్పు, రెండోది సగం నిజం, మూడోది పూర్తిగా నిజం. చివరికి మా ఇంటి తగువు తీర్చింది ఆ మూడో మాటే.

ఇక్కడ ఉండి అక్కడ ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. బస్తా మీద ఏం రాసి ఉందో చూసే వీలు మనకు ఉండదు, ఫోనులో ఎవరు గట్టిగా చెబితే వాళ్ళ మాట నమ్ముతాం. అందుకని ఈ స్లాగు సంగతి కాస్త వివరంగా రాస్తే పనికొస్తుందనిపించింది.

చిట్టెం కథ

స్లాగుకు తెలుగులో చక్కటి మాట ఉంది - చిట్టెం. ఆయుర్వేదంలో మండూర భస్మం అని వినే ఉంటారు. ఆ మండూరం అంటే పాత ఇనుప చిట్టెమే. ఒకప్పుడు మేలైన ఉక్కుకు పేరుమోసిన నిజామాబాదు జిల్లా కోనసముద్రం వంటి ఊళ్ళలో ఆనాటి కొలిముల చిట్టెం ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే ఆ పాత చిట్టెం సిమెంటుకు పనికిరాదు. అందులో ఇనుమూ, ఇసుకలో ఉండే సిలికా కలిసిన పదార్థమే ఎక్కువ. సున్నం పాలు చాలా తక్కువ.

సిమెంటుకు పనికొచ్చేది ఆధునిక బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వచ్చే చిట్టెం. ఈ ఫర్నేసు కొన్ని అంతస్తుల ఎత్తుండే పెద్ద కొలిమి. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్ బొగ్గు, సున్నపురాయి వేస్తారు. కింది నుంచి బాగా వేడిచేసిన గాలి ఊదుతారు. కోక్ మండి ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇనుము కరిగి అడుగుకు దిగుతుంది. ఖనిజంలోని మట్టి, ఇసుక వంటి మలినాలను సున్నం తనలో కలుపుకొని, పాలమీద మీగడలాగా, ఇనుము మీద తేలుతుంది. ఆ తేలేదే స్లాగు. దాని వేడి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్. ఖనిజం నాణ్యతను బట్టి ఒక్కో టన్ను ఇనుముకు 250 నుంచి 400 కిలోల దాకా వస్తుంది.

ఇప్పుడు ఈ స్లాగులో ఏముందో చూడండి. సున్నం, సిలికా, అల్యూమినా, కొంత మెగ్నీషియా. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటులో ఉండేవీ ముఖ్యంగా ఇవే. పాళ్ళలోనే తేడా. పోర్ట్‌లాండ్ సిమెంటులో సున్నం 60 శాతం పైమాటే, స్లాగులో 30 నుంచి 45 శాతం. అంటే స్లాగు సిమెంటుకు దూరపు చుట్టం కాదు, పినతండ్రి బిడ్డ అన్నమాట.

పాకం పట్టడంలోనే ఉంది

ఒకే స్లాగు, చల్లార్చే తీరును బట్టి రెండు రకాల సరుకవుతుంది. ఇది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. పంచదార పాకాన్ని కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే పటికబెల్లం పలుకులు కడుతుంది. అదే ముదురు పాకాన్ని పళ్ళెంలో పోసి త్వరగా చల్లారిస్తే పల్లీ చిక్కీలో పాకంలాగా గాజులా బిగుసుకుంటుంది. పంచదార అదే, లోపలి అమరిక వేరు.

స్లాగూ అంతే. గుంటలో పోసి దాని మానాన దాన్ని చల్లారనిస్తే పలుకులు కట్టి రాయిలా తయారవుతుంది. దాన్ని పగలగొట్టి రోడ్ల కింద, రైలు పట్టాల కింద కంకరగా వాడతారు. రాయిగా మంచిదే, కాని సిమెంటులా పనిచెయ్యదు. కరిగిన స్లాగు మీదికి ఒక్కసారిగా నీటిని జోరుగా కొడితే పలుకులు కట్టే వ్యవధి ఉండదు. ముతక ఇసుకలాంటి గాజు రేణువులుగా విరిగిపోతుంది. దీన్నే గ్రాన్యులేటెడ్ స్లాగు అంటారు. దాన్ని ఆరబెట్టి, సిమెంటంత మెత్తగానో ఇంకా మెత్తగానో మరలో పొడి చేస్తే జి.జి.బి.ఎస్. అనే తెల్లటి పొడి వస్తుంది. మన దగ్గర వ్యాపారులు, ఇంజనీర్లు వాడే పేరు ఇదే. అమెరికాలో దీన్నే స్లాగ్ సిమెంట్ అంటారు.

పాలూ, తోడూ

గాజు స్లాగు పొడిలో ఉత్త నీళ్ళు పోస్తే చెప్పుకోదగ్గంతగా ఏమీ జరగదు. పాలు వాటంతట అవి పెరుగు కావు, తోడు వెయ్యాలి. స్లాగుకు తోడు, పోర్ట్‌లాండ్ సిమెంటు.

సిమెంటులో నీళ్ళు పోసినప్పుడు రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే జిగురు. కాంక్రీటుకు బలం ఇచ్చేది ఇదే. రెండోది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే మనం వెల్ల వేసే తడి సున్నమే. ఈ సున్నం బలానికి పెద్దగా పనికిరాదు. పైగా ఉప్పునీరు, సల్ఫేట్లు తగిలినప్పుడు ముందు దెబ్బతినేది ఇదే. స్లాగు కలిస్తే ఈ సున్నమూ, దానితో పాటు ఉండే క్షారాలూ స్లాగు గాజును విడగొడతాయి. అప్పుడు స్లాగులోంచి మరికొంత జిగురు పుడుతుంది. సున్నం తగ్గుతుంది, జిగురు పెరుగుతుంది, సందులు సన్నబడతాయి. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిన మన పాత తాపీ మేస్త్రుల పని వెనక ఉన్నదీ ఇలాంటి రసాయనమే.

సున్నం తగిలితే గ్రాన్యులేటెడ్ స్లాగు గట్టిపడుతుందని 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ గమనించాడు. అంటే ఇది నిన్న మొన్న పర్యావరణం పేరుతో వచ్చిన సరుకు కాదు, నూటయాభై ఏళ్ళు దాటిన విద్య.

యాభై ఆరో రోజు

ఎం.ఎస్. చదివేటప్పుడు లాబులో నా పని కాంక్రీటు సిలిండర్లు పోసి, రోజులు లెక్కపెట్టి, మిషనులో పెట్టి విరగ్గొట్టడం. మొదటిసారి సగం స్లాగు కలిపిన సిలిండరును మూడో రోజున విరగ్గొట్టాను. పక్కనున్న మామూలు కాంక్రీటు కన్నా బాగా తక్కువ బలానికే విరిగిపోయింది. పైగా లోపలంతా ముదురు నీలి ఆకుపచ్చ రంగు! ఏదో తప్పు కలిపానని భయపడి ప్రొఫెసరు దగ్గరకు పరుగెత్తాను. ఆయన నవ్వి, మిగతా సిలిండర్లను నీళ్ళ తొట్టిలోంచి తీయొద్దు, యాభై ఆరో రోజున రమ్మన్నారు.

ఏడో రోజుకు తేడా తగ్గింది. ఇరవై ఎనిమిదో రోజుకు రెండూ సమానమయ్యాయి. యాభై ఆరో రోజుకు స్లాగుది పైచెయ్యి అయింది. ఈ వరస నా ఒక్కడి అనుభవం కాదు, తడి సరిగ్గా అందిన మంచి స్లాగు కాంక్రీటుకు ఇది మామూలు నడక.

ఆ ఆకుపచ్చ రంగు సంగతి కూడా చెప్పేస్తాను. సెంటరింగు విప్పగానే కొత్త స్తంభం ఆకుపచ్చగా కనబడి కంగారుపడేవాళ్ళు ఉన్నారు. స్లాగులో కొద్దిగా ఉండే సల్ఫైడుల వల్ల వచ్చే రంగు అది. గాలి తగిలితే కొద్ది రోజుల్లోనో వారాల్లోనో పోతుంది, బలానికి దానితో సంబంధం లేదు. ఆరిన తరువాత స్లాగు కాంక్రీటు మామూలుదాని కన్నా తెల్లగా ఉంటుంది.

మినియాపొలిస్ వంతెన

లాబు సంగతి సరే, పెద్ద కట్టడాలలో ఎవరైనా నమ్మారా అంటే, అమెరికాలో మనందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీది ఐ-35 డబ్ల్యూ వంతెన సాయంత్రం రద్దీ వేళ కూలిపోయింది. 13 మంది పోయారు. అది ఉక్కు వంతెన, ఉక్కు భాగాలను కలిపే గసెట్ ప్లేట్లు ఉండవలసిన మందం లేకపోవడం కారణమని తేలింది. కాంక్రీటు తప్పేమీ లేదు.

దాని స్థానంలో కట్టిన సెయింట్ ఆంథొనీ ఫాల్స్ వంతెన కాంక్రీటు వంతెన. 2008 సెప్టెంబరు 18న తెరిచారు. అంత విషాదం తరువాత కట్టే వంతెనకు ఎవరూ నాసిరకం సరుకు వాడరు కదా! దాని పెద్ద స్తంభాల కాంక్రీటులో సిమెంటు వాటా చూడండి: పోర్ట్‌లాండ్ సిమెంటు 15 శాతం, ఫ్లై యాష్ 18 శాతం, స్లాగు 67 శాతం. మూడింట రెండు వంతులు చిట్టెమే!

ఎందుకలా చేశారు? సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. సన్నటి స్లాబులో ఆ వేడి గాలికి పోతుంది. మందపాటి స్తంభంలో లోపలే ఉండిపోతుంది. లోపల కాగుతూ, పైన చల్లారుతూ ఉంటే కాంక్రీటు పగులుతుంది. స్లాగు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి వేడీ నెమ్మదిగానే పుడుతుంది. మూడో రోజున లాబులో నన్ను భయపెట్టిన లోపమే అక్కడ గుణమయింది. ఇంకొక కారణం, మిన్నెసోటా చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు. దాని సంగతి విశాఖ దగ్గర చెబుతాను.

అయితే అదే వంతెనలో వాహనాలు నడిచే పైభాగానికి ఈ పాళ్ళు వాడలేదు. అక్కడ పోర్ట్‌లాండ్ సిమెంటే ఎక్కువ, దానితో ఫ్లై యాష్, సిలికా ఫ్యూమ్. స్లాగు అన్నిచోట్లా ఒకే పాళ్ళలో పోసే మందు కాదు. ఎక్కడ ఎంత అన్నది పనిని బట్టి ఉంటుంది.

అమెరికాలో మన వాకిట్లో

అమెరికాకు స్లాగు కొత్తేమీ కాదు. ఇండియానాలో గేరీ పక్కన బఫింగ్టన్ దగ్గర యు.ఎస్. స్టీల్ వారి యూనివర్సల్ సిమెంటు ఫ్యాక్టరీ 20వ శతాబ్దం మొదట్లోనే స్లాగును ముడిసరుకుగా బట్టీలో వేసి పోర్ట్‌లాండ్ సిమెంటు చేసేది. స్లాగును విడిగా పొడిచేసి అమ్మే పద్ధతి 1980ల మొదట్లో మేరీలాండ్‌లోని స్పారోస్ పాయింట్ ఉక్కు కర్మాగారం దగ్గర పెద్ద ఎత్తున మొదలైంది. ఆ సరుకు నాణ్యతకు ఏ.ఎస్.టి.ఎం. సి 989 అనే ప్రమాణం అప్పుడే వచ్చింది. అందులో 80, 100, 120 అని మూడు గ్రేడులు. సిమెంటూ స్లాగూ సగం సగం కలిపిన మోర్టారు బలాన్ని ఉత్త సిమెంటు మోర్టారు బలంతో పోల్చి ఈ గ్రేడు ఇస్తారు. 120 గ్రేడుదైతే 28 రోజులకు ఉత్త సిమెంటును దాటాలి.

ఇక్కడ డ్రైవ్‌వే గాని, పాటియో గాని పోయించుకునేవారికి రెండు మాటలు. రెడీమిక్స్ లారీతో వచ్చే టికెట్టు మీద సిమెంటు ఎంత, స్లాగు ఎంత, ఫ్లై యాష్ ఎంత అన్నది సాధారణంగా ఉంటుంది, అడిగి చూడండి. మంచు పడి, ఉప్పు చల్లే రాష్ట్రాలలో ఆరుబయట కాంక్రీటుకు స్లాగు 50 శాతం మించకూడదని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ నియమం. మించితే పైపొర పొలుసులుగా లేచే ప్రమాదం ఉంది. నవంబరు చలిలో స్లాగు ఎక్కువ కలిపి పోస్తే మరీ ఆలస్యంగా గట్టిపడుతుంది. వసంతంలోనో వేసవిలోనో పోయించుకుని, తడి ఆరకుండా కనీసం వారం రోజులు కప్పి ఉంచి, మొదటి చలికాలం దాని మీద ఉప్పు చల్లకుండా ఉంటే మంచిది.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ

ఇక మా ఊరికి వద్దాం. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021లో కేంద్రం దాన్ని అమ్మాలని నిర్ణయించడం, దాని మీద ఆందోళనలు, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించడం మీకు తెలిసినవే.

చాలామందికి తెలియనిది, అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటిలో చిట్టెం మీద నీళ్ళు కొట్టి గ్రాన్యులేటెడ్ స్లాగు చేసి సిమెంటు కంపెనీలకు అమ్ముతారు. నాన్న దింపించిన బస్తాలలోని స్లాగు ఏ కొలిమిదో నాకు తెలియదు గాని, మా ఇంటికి కొన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టే సరుకును చెత్త అంటే కాస్త మనసు చివుక్కుమంది.

మనసు సంగతి పక్కన పెట్టి చూసినా, విశాఖలాంటి సముద్రతీరానికి స్లాగు సరైన సరుకు. కాంక్రీటులో ఇనుప ఊచలకు తుప్పు పట్టకుండా కాపాడేది దానిలోని క్షారగుణం. ఉప్పుగాలిలోని క్లోరైడులు సన్నటి సందుల్లోంచి నెమ్మదిగా లోపలికి దిగి ఊచలను చేరితే ఆ కాపుదల పోతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, స్లాబు కింద పెచ్చులు ఊడతాయి. బీచ్ రోడ్డు వైపు పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీలు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. స్లాగు కాంక్రీటులో సందులు సన్నవి కాబట్టి క్లోరైడులు దిగడం బాగా ఆలస్యమవుతుంది. మిన్నెసోటా రోడ్డు ఉప్పుకు విరుగుడు అయినదే విశాఖ సముద్రపు ఉప్పుకూ విరుగుడు. సముద్రపు నీరు తగిలే కాంక్రీటుకు స్లాగు సిమెంటు మేలని మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 కూడా చెబుతుంది.

33, 53 గొడవ

కాంట్రాక్టరు గారి రెండో మాట ఇది. మన దేశంలో బస్తాలో వచ్చే పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటుకు ప్రమాణం ఐ.ఎస్. 455. అందులో స్లాగు 25 నుంచి 70 శాతం దాకా ఉండవచ్చు. పరీక్షలో దాని బలం కనీసం 3 రోజులకు 16, 7 రోజులకు 22, 28 రోజులకు 33 మెగాపాస్కల్స్ ఉండాలి. మామూలు సిమెంటు, అంటే ఓ.పి.సి. 53 గ్రేడుకు ఇవి 27, 37, 53.

చూడగానే స్లాగు సిమెంటు సగం బలానిదేమో అనిపిస్తుంది. కాని ఇవి "ఇంతకు తగ్గకూడదు" అన్న అంకెలు, "ఇంతే ఉంటుంది" అన్న అంకెలు కావు. మంచి స్లాగు సిమెంటు 28 రోజులకు 33ను బాగా దాటిపోతుంది. పైగా ఈ అంకెలు సిమెంటు పరీక్షకు చేసిన మోర్టారువి, మన స్లాబువి కావు. స్లాబు బలం నీళ్ళు ఎన్ని పోశారు, ఇసుక కంకర ఎలా ఉన్నాయి, ఎన్నాళ్ళు తడిపారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా ఇంటి డిజైను ఎం 25, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్స్. సరైన పాళ్ళలో కలిపితే రెండు సిమెంట్లతోనూ వస్తుంది. సులువుగా కలుస్తుందని బక్కెట్టు నీళ్ళు ఎక్కువ పోస్తే రెండింటితోనూ రాదు.

అందుకే సగం నిజం అన్నాను. 28వ రోజు లెక్క అపోహే, మూడో రోజు తేడా మాత్రం నిజం.

కల్తీ ఎప్పుడు అవుతుంది?

అయితే స్లాగు పేరు పెట్టుకున్నదల్లా మంచిదనుకోవద్దు. జాగ్రత్త పడవలసినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, బ్లాస్ట్ ఫర్నేసు స్లాగు వేరు, ఉక్కు తయారీ స్లాగు వేరు. ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చే రెండో రకంలో కలవని సున్నం మిగిలి ఉండవచ్చు. అది తరువాత తడి తగిలి ఉబ్బి కట్టడాన్ని పగలగొడుతుంది.  ఇంటి పనికి ఊరూ పేరూ లేని పొడి కొనకండి.

రెండు, బస్తా మీద ఐ.ఎస్. 455, ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన వారం, సంవత్సరం చూడండి. నెలల తరబడి గోడౌనులో ఉన్న సిమెంటు ఏ రకమైనా బలం తగ్గుతుంది.

మూడు, స్లాగు సిమెంటులో మళ్ళీ స్లాగు గాని, ఫ్లై యాష్ గాని సైటులో కలపనివ్వకండి. బస్తాలో అప్పటికే ఎంత కలిసిందో సైటులో వాళ్ళకు తెలియదు. ఇంజనీరు లెక్కకట్టి, పరీక్ష చేసి కలపాల్సిన పని అది.

నాలుగు, తడపడం. స్లాగులో జిగురు నెమ్మదిగా పుడుతుంది కాబట్టి అన్నాళ్ళూ నీరు అందాలి. మధ్యలో ఆరిపోతే పైపొర గుల్లగా ఉండిపోయి, గాలిలోని కార్బన్ డయాక్సైడు తేలిగ్గా లోపలికి దిగుతుంది, ఊచలకు ముప్పు. సరిగా తడపని స్లాగు కాంక్రీటు, సరిగా తడపని మామూలు కాంక్రీటు కన్నా ఎక్కువ నష్టపోతుంది. ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇటువంటి కలిపిన సిమెంట్లకు కనీసం 10 రోజులు తడపాలి. ఎండలు మండే చోట 14 రోజులకు పెంచమంటుంది. స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలిపితే చాలు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడపాలి. పొద్దున ఒకసారి పైపుతో నీళ్ళు కొట్టి వెళ్ళిపోతే అది తడిపినట్టు కాదు.

అయిదు, సెంటరింగు. స్లాబు కింది కర్రలు 4.5 మీటర్ల లోపు గదికి 7 రోజులు, అంతకు మించిన గదికి 14 రోజులు ఉంచాలని అదే ప్రమాణం చెప్పేది మామూలు సిమెంటుకు. స్లాగు సిమెంటైతే అంతకన్నా ఎక్కువ రోజులు ఉంచాలి.

అందరికీ సరిపోతుందా?

ఒక టన్ను సిమెంటు క్లింకరు తయారీలో దాదాపు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. అందులో ఎక్కువ భాగం బొగ్గు నుంచి కాదు, సున్నపురాయి నుంచే వస్తుంది. ప్రపంచం విడిచే కార్బన్ డయాక్సైడులో సిమెంటుది 7, 8 శాతం. స్లాగు ఒకసారి కొలిమిలో కాగి వచ్చినదే, మళ్ళీ కాల్చే పని లేదు. ఆరబెట్టి పొడి చెయ్యడమే ఖర్చు. కాబట్టి సగం స్లాగు కలిపితే ఆ మేరకు క్లింకరు మిగులుతుంది. కొలిమిలో మండిన కోక్ లెక్క ఉక్కు ఖాతాలోకి వెళుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కాని స్లాగుకు హద్దుంది. ప్రపంచంలో ఏటా తయారయ్యే సిమెంటు దాదాపు 400 కోట్ల టన్నులు. బ్లాస్ట్ ఫర్నేసుల స్లాగు అంతా పోగేసినా అందులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. పైగా కొలిములు తగ్గుతున్నాయి. స్పారోస్ పాయింట్ కర్మాగారం 2012లో మూతబడింది, దాని పెద్ద ఫర్నేసును 2015లో పేల్చి పడగొట్టారు. ఇప్పుడు అమెరికా ఉక్కులో సుమారు 70 శాతం పాత ఇనుమును విద్యుత్ కొలిముల్లో కరిగించి చేసేదే, ఆ కొలిముల నుంచి ఈ రకం స్లాగు రాదు. అందుకని జపాన్ వంటి దేశాల నుంచి ఓడల్లో స్లాగు తెప్పించుకుని ఇక్కడ పొడి చేస్తున్నారు. సున్నపురాయి పొడి కలిపిన సిమెంట్లు ఇక్కడ మామూలయ్యాయి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపి చేసే ఎల్.సి.3 సిమెంటు మీద స్విట్జర్లాండ్, క్యూబాలతో కలిసి మన ఐ.ఐ.టి.లు కూడా పనిచేశాయి.

అంటే ఒకప్పుడు గుట్టలుగా పారబోసిన చిట్టెం ఇప్పుడు ఓడలెక్కి వస్తోంది. దొరికినచోట, అవసరమైనచోట తెలివిగా వాడుకోవలసిన సరుకు అది.

మా ఇల్లు

చివరికి కాంట్రాక్టరు గారిని ఒక్క ప్రశ్న అడిగాను. "స్లాగు సిమెంటు మీకెందుకు ఇబ్బంది? నిజం చెప్పండి." ఆయన కాసేపు ఆగి చెప్పారు. "సార్, తప్పుగా అనుకోవద్దు. మీరు శ్రావణంలో వస్తున్నారని నాన్నగారు గృహప్రవేశం ముహూర్తం పెట్టేశారు. నేను వారానికే సెంటరింగు విప్పాలి. ఆ సిమెంటుతో అది కుదరదు. రేపు స్లాబు వంగితే మీరు నన్నే అంటారు."

అప్పుడు అర్థమైంది. మొదటి రెండు మాటలూ ఎవరో చెబితే విన్నవి. మూడోది ఆయన సొంత అనుభవం. తొందర ఆయనది కాదు, నాది. నా సెలవుల కోసం, నా టికెట్టు కోసం ముప్ఫై ఏళ్ళు ఉండవలసిన ఇంటికి పదిరోజులు మిగల్చలేకపోయాం.

టికెట్టు మార్చడానికి కొంత డబ్బు పోయింది. ముహూర్తం కార్తీకానికి జరిపాం. బస్తాలు వెనక్కి వెళ్ళలేదు. స్లాబు వేశాక 14 రోజులు మడులు కట్టి నీళ్ళు నిలిపారు, కర్రలు మూడు వారాలు ఉంచారు. నాన్న రోజూ పొద్దునా సాయంత్రం పైకెక్కి నీళ్ళు చూసి నాకు ఫొటో పంపేవారు. సెంటరింగు విప్పిన రోజున మాత్రం ఫోనే చేశారు.

"ఏరా, స్లాబు కింద ఆకుపచ్చగా ఉందేమిట్రా?"

"ఏం ఫరవాలేదు నాన్నా. గాలి తగిలితే పోతుంది."

పోయింది కూడా. కార్తీకంలో నేను వెళ్ళేసరికి తెల్లగా ఉంది.